తూకానికెక్కని పిల్లలు

8 జూలై 1985, సోమవారం

పంది పిల్లలను ఈరోజు తల్లి నుంచి విడదీశాం. తల్లిని వంక వైపు తోలేసి, ఎనిమిది పిల్లలనూ పెరట్లో దడి కట్టి అందులో వేశాం. అవి పెట్టిన గోలకు మా వీధి, గేరి గేరంతా చెవులు మూసుకుంది.

మా పశువుల ఆసుపత్రి డాక్టరు సారు గుంటూరు వైపు మనిషి. ఆయన చెప్పేదేమిటంటే, పాలు మానిన పంది పిల్ల కొన్నాళ్లు ఎదుగూ బొదుగూ లేకుండా పడి ఉంటుందట. ఆ గండం దాటించడానికి ఒక పొడి ఇచ్చాడు. చేప పొడి, పాల పొడి, ఇంకా ఏవేవో ఖనిజాలు కలిపారు. తౌడులో, చెనక్కాయ చెక్కలో కలిపి పెట్టాలి. మనుషులకే సంగటి పలచనైన ఈ కరువులో పందులకు పాల పొడి అంటే జనం నవ్వుతారు. నవ్వనీ. ఆగస్టు ఆఖరుకు పిల్లలు ఎదిగి చూపిస్తే మా గేరికి పందుల షెడ్లు రాయిస్తానని, ఆసుపత్రిలో నా అటెండరు పని పర్మనెంటు చేయమని పైకి రాస్తానని సారు మాట ఇచ్చాడు. ఎదగకపోతే షెడ్లు తాడిపత్రి వైపు పోతాయి. నేను ఇంటికి పోతాను.

ప్రతి సోమవారం తూకం వేయాలి. సారు ఇచ్చినది వేలాడే కాటా. గుడ్డ జోలెలో పిల్లను పెట్టి తగిలిస్తే ముల్లు తిరుగుతుంది. పంచలో దూలానికి కొక్కెం ఎలాగూ ఉంది, కొత్తది కొట్టే పని తప్పింది. ఆంజినమ్మ అది చూసి కడవ తీసుకుని నీళ్లకు వెళ్లిపోయింది. ఇంట్లో నీళ్లున్నాయి. పని తప్పించుకోవడంలో నా పెళ్లాన్ని మించినవాళ్లు లేరు.

పిల్లలన్నీ నలుపూ తెలుపూ మచ్చలవి. ఒకదానికి ముక్కు మీద బొట్టులాగా తెల్ల మచ్చ ఉంది, ముచ్చటగా ఉంది. గుర్తు కోసం అన్నిటి వీపుల మీదా నీలం మందు పూశాను. రంగు వెలిస్తే మళ్లీ పూయమని సీసా ఇంట్లోనే పెట్టాను.

సాయంత్రం బస్సుకు ఆసుపత్రి ఉన్న కుందుర్పి వచ్చేశాను. ఇదివరకు రోజూ ఇంటికి పోయేవాణ్ణి. పాప పోయాక ఆసుపత్రి గదిలోనే పడుకుంటున్నాను. బస్సు వేళలు కుదరడం లేదు.

15 జూలై

తూకం పెద్దగా పెరగలేదు. మొదటి వారం అంతేనని సారు అన్నాడు.

నేను పోయేసరికే ఆంజినమ్మ పిల్లలను గంపల్లో పెట్టి, పైన గోతాం కప్పి, పంచలో సిద్ధంగా ఉంచింది. వీపుల మీద నీలం మందు కూడా కొత్తగా పూసింది. అడక్కుండా ఇంత పని చేసిందంటే నాకు సంతోషం కలగాలి. అనుమానం కలిగింది.

బొట్టు పిల్ల ఏదో ఈసారి తెలియలేదు. పెరిగేకొద్దీ మచ్చలు మారతాయి కాబోలు. సారును అడుగుదామనుకున్నాను. ఇంతకాలం ఆసుపత్రిలో ఉండి ఈమాత్రం తెలియదా అంటాడని అడగలేదు.

18 జూలై

వాన లేదు. చెనక్కాయ విత్తనం వేసినవాళ్లు ఆకాశం చూస్తున్నారు. ఆకాశం ఎవరినీ చూడటం లేదు.

22 జూలై

పొడి సంచి సగానికి దిగింది. పిల్లలు మాత్రం పోయిన వారం ఎట్లా ఉన్నాయో ఈ వారమూ అట్లాగే ఉన్నాయి. డొక్కలు లోపలికి పోయి, వెంట్రుక నిక్కి ఉన్నాయి. మరి పొడి ఎక్కడికి పోయింది?

ఎలుకలు తిన్నాయా అంటే సంచికి చిల్లు లేదు. పక్కింటి లక్ష్మీదేవమ్మ కోళ్లు తిన్నాయా అంటే కోళ్లు కూడా డొక్కు డొక్కుగానే ఉన్నాయి. సారు ఇచ్చిన పొడిలోనే సరుకు లేదా? ఆయన మందుల కంపెనీ వాళ్లతో టీలు తాగడం నేను చూశాను. ఈ డైరీ కూడా వాళ్లిచ్చిందే, నాకు పడేశాడు. ఎవరినీ నమ్మేట్టు లేదు.

పూటపూటా పొడి పెడుతున్నావా అని ఆంజినమ్మను అడిగాను. పెడుతున్నానంది. కొలిచి పెడుతున్నావా అన్నాను. కొలిచే అంది. దాని మొహంలోకి చూస్తే కొక్కెం వైపు చూస్తోంది, నా వైపు చూడటం లేదు.

"ఆ కాటా యానికి? మా నాయన పిల్లను చేత్తో ఎత్తి చెప్తాండె, యెంతుండాదో. నువ్వూ అట్ల ఎత్తి చూడు" అంది.

చేతులకు అంకెలుంటాయా అన్నాను. అంతటితో మాట ఆగిపోయింది. ఈ మధ్య మా మాటలు ఎక్కడో ఒకచోట ఇట్లాగే ఆగిపోతున్నాయి.

నీలం మందు మాత్రం నిన్న పూసినట్టు నిగనిగలాడుతోంది. వాన పడితే కదా పోయేది.

25 జూలై

సారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. పొడి పిల్లలకే పోతోందా, దారిలో ఎక్కడైనా దిగిపోతోందా అని మర్యాదగా అడిగాడు. మర్యాదగా అడిగితే దొంగ అన్నట్టు కాదని ఆయన అనుకుంటున్నాడు.

నన్ను అనుమానించడమేమిటి? అనుమానించే పనికి నేనున్నాను కదా.

29 జూలై

దొరికింది.

బస్సు దిగి నడుస్తుంటే లక్ష్మీదేవమ్మ ఎదురైంది. మా బావ తిమ్మన్న, అంటే ఆంజినమ్మ అన్న, మా ఇంటికి రెండిళ్ల అవతలే ఉంటాడు. ఆయన పందికీ మా పందికీ ఒకే సీమ పోతు ద్వారా, ఇంచుమించు ఒకే రోజుల్లో ఎనిమిదేసి పిల్లలు పుట్టాయి. అవీ మచ్చలవే. ఆయనకు పొడి ఇవ్వలేదు, ఆయన పేరు ఈ పొడి లెక్కలో లేదు.

"మీ బావ దొడ్లో పిల్లలు గుమ్మడికాయల మాదిరి ఉండాయి కొండప్పా. యేం పెడతాండాడో అడుగు, మాకూ చెప్పు" అంది లక్ష్మీదేవమ్మ.

నేరుగా తిమ్మన్న దొడ్డికే పోయాను. మూలన పెద్ద ఈత గంపలు బోర్లించి ఉన్నాయి. ఒకటి ఎత్తాను. నున్నగా, గుండ్రంగా, మచ్చల పిల్ల, ఒంటినిండా బురద పూసి ఉంది. వంకలో కూడా నీళ్లు లేని కాలంలో పందికి బురద ఎక్కడిది? దాని మూతి దగ్గర చెయ్యి పెట్టి వాసన చూశాను. చేప పొడి. వారమంతా సంచులు మోసే నాకు ఆ వాసన తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది.

తిమ్మన్న వచ్చి, నా చేతిలోంచి గంప తీసుకుని మళ్లీ బోర్లించాడు. మొహం చూస్తే గుమ్మడికాయ దొంగ భుజాలు తడుముకున్నట్టే ఉంది. ఈరోజు ఎండ ఎక్కువగా ఉంది బావా, ఇంటికి పో అన్నాడు.

ఇంటికి పోయాను. అక్కడ నా పిల్లలు ఎండిపోయి గంపల్లో ఉన్నాయి. తూచాను. అంకెలు రాసుకున్నాను. ఆంజినమ్మతో ఒక్క మాట కూడా అనలేదు.

30 జూలై

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడు సోమవారం బస్సులో వచ్చి ఉండడు.

1 ఆగస్టు

రాస్తే మనసు కుదుటపడుతుందని రాస్తున్నాను.

నా పొడి దాని అన్న దొడ్డికి పోతోంది. అంటే నా ఉద్యోగం, గేరికి రావలసిన షెడ్లు, అన్నీ ఆ తౌడుకుండలో కలుస్తున్నాయి. ఆంజినమ్మకు ఇది తెలియక కాదు. తెలిసే చేస్తోంది. పుట్టింటి మీద ప్రేమా అంటే, పోయిన ఏడు వరకూ అన్నాచెల్లెళ్లు కోడిపెట్ట కోసం కూడా పోట్లాడుకునేవాళ్లు. పాప పోయాకే ఒక్కటయ్యారు. పాపను మట్టి చేసి వచ్చిన రోజు తిమ్మన్న చెల్లెలి దగ్గర కూర్చున్నాడు. నేను ఆవుకు గడ్డి వేయాలని బయటికి వెళ్లాను. గడ్డి వేయడం కూడా తప్పేనా? ఎవరో ఒకరు వేయాలి కదా.

అది నా మీద కక్ష పెట్టుకుంది. నేను వారానికొకసారి పోతానని. బస్సు వేళలు దానికి మాత్రం తెలియవా?

తూకం వేస్తున్నంతసేపూ అది ఇంట్లో ఉండదు. ప్రతిసారీ కడవ తీసుకుని పోతుంది. కళ్లలో కళ్లు పెట్టి చూడలేని మనిషి అంతే చేస్తుంది.

5 ఆగస్టు

నలుగురిలో అడిగేశాను. తప్పుకు నాలుగు గోడలెందుకు?

తూకం కాగానే రచ్చబండ దగ్గరికి పోయి గేరి పెద్ద ఓబన్నను కూర్చోబెట్టి, తిమ్మన్నను పిలిపించాను. ఆంజినమ్మ కూడా వచ్చి వెనక నిలబడింది. సర్కారు వాళ్లు మన గేరి కోసం ఇచ్చిన పొడిని ఈ మనిషి తన పిల్లలకు మేపుకుంటున్నాడని చెప్పాను. లక్ష్మీదేవమ్మ గుమ్మడికాయల సంగతి చెప్పింది. కాదంటాడు, ప్రమాణాలు చేస్తాడు, గొడవ అవుతుంది అనుకున్నాను. అన్నిటికీ సిద్ధమై పోయాను.

తిమ్మన్న బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. చెల్లెలి వైపు ఒకసారి చూశాడు.

"అవునప్పా. పొడి నేనే తీసుకున్నా" అన్నాడు.

ఆంజినమ్మ ఏదో అనబోయింది. "నువ్వు ఇంటికి పో మే" అన్నాడు దాన్ని. అది పోలేదు.

ఓబన్న తీర్పు చెప్పాడు. షెడ్ల పేర్లలోంచి తిమ్మన్న పేరు తీసేయాలి. రెండిళ్ల మధ్యా నిప్పూ నీళ్లూ బంద్. తిమ్మన్న తలూపి లేచి పోయాడు.

పొడి సంచిని ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాను. వారానికి సరిపడా మాత్రం కొలిచి బయట ఉంచాను. నేను గెలిచాను. కానీ బస్సులో కూర్చున్నాక ఒకటే ఆలోచన. ఇంత తేలిగ్గా ఒప్పుకున్న దొంగను ఇప్పటివరకూ చూడలేదు. దీని వెనక ఇంకేదో ఉంది.

12 ఆగస్టు

పెరగలేదు.

దొంగ దొరికాడు. పొడికి తాళం పడింది. రెండిళ్లకూ రాకపోకలు లేవు. అయినా అవే డొక్కలు, అవే నిక్కిన వెంట్రుకలు. నీలం మందు మాత్రం కొత్తపెళ్లికూతురి పసుపులాగా నిగనిగలాడుతోంది.

తూకం వేసేటప్పుడు ఆంజినమ్మ ఎప్పటిలాగే ఇంట్లో లేదు. కడవ మాత్రం గుమ్మంలోనే ఉంది. ఈసారి కడవ తీసుకుపోవడం కూడా మరిచిపోయింది.

అంకెలు చూసి సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇరవై ఆరో తేదీ తానే జీపులో వస్తానన్నాడు. "చూడు కొండప్పా, నా కళ్లతో చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే నేను చేయగలిగిందేమీ లేదు. పొడి, షెడ్లు, అన్నీ వేరే చోటికి మార్చేస్తాను" అన్నాడు. నా పని సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

15 ఆగస్టు, గురువారం

ఉదయం ఆసుపత్రిలో జెండా ఎగరేశారు. సారు బూందీ పంచాడు. మధ్యాహ్నం నుంచి సెలవు. గదిలో పడుకుంటే నిద్ర రాలేదు. చెప్పకుండా పోయి పట్టుకుంటే తప్ప ఈ దొంగతనం తేలదనిపించింది. నా రోజు సోమవారమని అందరికీ తెలుసు. గురువారం నేను వస్తానని ఎవరనుకుంటారు? బూందీ పొట్లం జేబులో వేసుకుని బస్సెక్కాను.

వీధి వైపు నుంచి పోకుండా వెనక దడి దగ్గరికి పోయాను. ఆంజినమ్మ పెరట్లో చతికిలబడి కూర్చుని ఉంది. కుండలోంచి తౌడూ పొడీ కలిపి తొట్టిలో పోస్తోంది. చుట్టూ ఎనిమిది పిల్లలు. నున్నగా, గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి పడి తింటున్నాయి. ఒకటి దాని ఒడిలోకే ఎక్కింది.

అప్పుడు నాకు వచ్చిన ఆలోచన ఉన్నదున్నట్టు రాస్తాను, ఈ డైరీ ఎవరూ చూడరు కదా. తిమ్మన్న భయపడి తన బలిసిన పిల్లలను తెచ్చి నా దొడ్లో వదిలి, నా బక్క పిల్లలను ఎత్తుకుపోయాడు అనుకున్నాను. ఎంత జిత్తులమారి అనుకున్నాను. కళ్లెదుట ఉన్నదాన్ని కూడా దొంగతనంగానే చూశాను.

ఒడిలో ఉన్న పిల్ల తలెత్తింది. ముక్కు మీద తెల్ల బొట్టు ఉంది.

మొదటి రోజు నా చేత్తో జోలెలో పెట్టి తూచిన పిల్ల అది. మిగతావాటి వీపులు చూశాను. నీలం మందు వెలిసి, ఉందా లేదా అన్నట్టు ఉంది. వారాల కిందట పూసిన రంగు ఎట్లా ఉండాలో అట్లాగే ఉంది.

దడి తోసుకుని లోపలికి పోయాను. ఆంజినమ్మ ఉలిక్కిపడి బొట్టు పిల్లను కొంగులో దాచింది. దాచాక, ఇక దాచేదేమీ లేదని దానికీ అర్థమైనట్టుంది, కొంగు వదిలేసింది. మరి నేను ఇన్ని సోమవారాలు తూచినవి ఎవరివి అని అడిగాను.

"మా అన్న పిల్లలు" అంది. "తెల్లారకముందే ఇవి ఆడికి, అవి ఈడికి. నీ బస్సు పోయినాక మళ్లీ మారుస్తాంటి."

ఎందుకని అడగలేదు. అదే చెప్పింది. ఏడవకుండా, నన్ను చూడకుండా, తొట్టిలో చెయ్యి పెట్టి తౌడు కలుపుతూ చెప్పింది.

"నువ్వు కాటాను యాడ తగిలించినావో చూసుకున్నావా? ఉయ్యాల కొక్కేనికి. పాపకు పాలు మరిపించిన దినాలు, బాలవాడిలో ఇట్లాంటి కాటాకే, ఇట్లాంటి జోలెలోనే ఏసి యాలాడగట్టినారు. అది నా పక్క రెండు చేతులూ చాపింది. నేను అందుకోలే. ముల్లు నిలబడల్లంట. ఈ ఊర్లో ఇంత బరువు బిడ్డ లేదని అందరికీ ఇనపడేట్టు చదివినారు. అందరూ తిరిగి చూసినారు. ఆ వారమే గదా దానికి వాంతులూ బేదులూ పట్టుకునింది."

బొట్టు పిల్లను తొట్టి దగ్గరికి తోసింది.

"ఇవి బాగా వస్తాండాయి. వీటిని నేను ఆ కొక్కేనికి కట్టనియ్యను. మా అన్నవి బక్కవి. వాటినెవరు కన్నేస్తారు? అందుకే వాటిని పెట్టినా. మా అన్న దొంగ గాదు. నేను అడిగితే ఒప్పుకున్నాడు, అంతే."

కొక్కెం ఎలాగూ ఉంది అని ఆ రోజు రాశాను. ఇప్పుడే వెనక్కి తిప్పి చూశాను. కొత్తది కొట్టే పని తప్పింది అని కూడా రాశాను.

పెరట్లోనే గోడకు ఆనుకుని కూర్చున్నాను. నాకు ఏడుపు వచ్చింది. పాప పోయినప్పుడు రాలేదు. అప్పుడు రాని ఏడుపంతా ఈ పంది పిల్లల మధ్య కూర్చుని ఏడ్చాను. ఆంజినమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి పక్కన కూర్చుంది. బూందీ జేబులోనే పిండి అయిపోయింది.

16 ఆగస్టు

బస్సెక్కలేదు. బస్సు వేళకే వచ్చింది.

18 ఆగస్టు

తిమ్మన్న ఇంటికి పోయాను. నిప్పూ నీళ్లూ బంద్ పెట్టించినవాణ్ణి నేనే కాబట్టి గడప బయటే నిలబడ్డాను. ఆయన గంప అల్లుతున్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు.

నలుగురిలో ఎందుకు ఒప్పుకున్నావు బావా అని అడిగాను.

"నేను కాదంటే నువ్వు ఇంగొకర్ని యెతుకుతావు. యెతికి యెతికి దాని కాడికే పోతావు. నలుగురిలో దాన్ని అడుగుతావు. అది ఆడ పాప సంగతి చెప్పల్ల. చెప్పగలదా?" అన్నాడు.

ఈత బద్దను పళ్లతో పట్టి లాగి, మళ్లీ అల్లుకున్నాడు.

"నీకు అందరి మింద అనుమానమే గదప్పా. దానికి యేమైనా అయిందేమో అనే అనుమానం మాత్రం ఒగనాడన్నా వచ్చిందా?"

గడప బయట నుంచే వెనక్కి తిరిగాను.

సాయంత్రం ఓబన్న దగ్గర మళ్లీ నలుగురినీ కూర్చోబెట్టి, తిమ్మన్న పొడి తీసుకోలేదని, నేను తప్పుగా చూశానని చెప్పాను. ఎట్లా తెలిసింది అన్నారు. పాప సంగతి చెప్పలేదు. పిల్లలు కలిసిపోయాయి, గుర్తుపట్టలేకపోయాను అన్నాను. ఆసుపత్రిలో పనిచేస్తూ సొంత పందులను గుర్తుపట్టలేదని గేరంతా నవ్వింది. లక్ష్మీదేవమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది, గోడ అవతల నుంచి వినిపిస్తోంది. తిమ్మన్న పేరు మళ్లీ ఎక్కించారు.

19 ఆగస్టు

తూకం వేయలేదు. పొడి నేనే కలిపి పెట్టాను.

"వాటిని అట్ల చూడొద్దు. నీ చూపు మంచిది గాదు" అంది ఆంజినమ్మ. ఎగతాళికే అన్నదో నిజంగానే అన్నదో తెలియలేదు. అయినా మొహం తిప్పుకున్నాను.

22 ఆగస్టు

ఇరవై ఆరున సారు వస్తాడు. తూకం లేకుండా ఆయన నమ్మడు. తిమ్మన్న పిల్లలను చూపిస్తే షెడ్లు పోతాయి, పని పోతుంది. వీటిని చూపించాలంటే కాటా ఎక్కించాలి. ఆంజినమ్మకు ఇదంతా చెప్పి, నీ ఇష్టం అన్నాను. వద్దంటే వద్దు. పని పోతే పోనీ, రాళ్ల క్వారీలో ఎప్పుడూ మనుషులు కావాలి. ఈ మాట అనేటప్పుడు నన్ను నేనే అనుమానించాను, నిజంగా అంటున్నానా అని. నిజంగానే అన్నాను.

అది రెండు రోజులు ఏమీ చెప్పకపోవచ్చు. అడగను.

24 ఆగస్టు

పొద్దున సంగటి కెలుకుతూ అడిగింది. "చెనక్కాయల మండీలో ఈరన్న కాడ మూటలు తూచే కాటా ఉండాది గదా, కింద పెట్టేది. దాని మింద మనిషి ఎక్కొచ్చా?"

ఎక్కొచ్చు అన్నాను.

"అట్లయితే నేను ఎత్తుకుని ఎక్కుతా. ఒంటిగా ఎక్కించేది లేదు. గెట్టిగా చదివేది లేదు."

26 ఆగస్టు, సోమవారం

ఈరన్న కాటాను నేనూ తిమ్మన్నా మోసుకొచ్చి పంచలో పెట్టాం. ఈ ఏడు తూచడానికి చెనక్కాయలు ఎలాగూ లేవు, అందుకే అడగ్గానే ఇచ్చాడు. వేలాడే కాటాను నేను ముందే దించేశాను.

సారు జీపు దిగి, ఇదేమిటి, నేనిచ్చింది ఏమైంది అన్నాడు. ఈ పద్ధతిలోనే సార్ అన్నాను. ముందు ఆవిడను ఒక్కదాన్నే తూచాలి, తర్వాత పిల్లతో తూచి తీసివేయాలి అని ఆయనే చెప్పాడు. ఆంజినమ్మ ఒక్కతే ఎక్కడానికి వెనకాడుతుందేమో అనుకున్నాను.

"నన్నెవరు కన్నేస్తారు సారూ" అని ఎక్కి నిలబడింది. మనిషి ఎంత చిక్కిపోయిందో అప్పుడు చూశాను. అంకె చూడనక్కర్లేకపోయింది.

తిమ్మన్న మా పెరట్లోంచి ఒక్కొక్క పిల్లనూ తెచ్చి దాని చేతికిచ్చాడు. మొదటిది బొట్టు పిల్ల. అది చూసి సారు నోరు తెరిచాడు. ఆంజినమ్మ దాన్ని గుండెకు ఆనించుకుని, పైన కొంగు కప్పి ఎక్కింది. ముక్కు మాత్రం బయటికి కనిపిస్తోంది. గోడ మీద నుంచి లక్ష్మీదేవమ్మా, గుమ్మంలో గేరి ఆడవాళ్లూ చూస్తున్నారు. సారు వంగి అంకె చూసి చదవబోయాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. అటెండరు డాక్టరు చెయ్యి పట్టుకోవడం ఆ ఆసుపత్రిలో ఎప్పుడూ జరిగి ఉండదు.

"పైకి చదవొద్దు సార్. రాసుకోండి చాలు" అన్నాను.

ఆయన నన్ను చూశాడు, కాటా మీద నిలబడిన ఆంజినమ్మను చూశాడు. ఏమీ అడక్కుండా రాసుకున్నాడు. ఆ తర్వాత ఎనిమిదో పిల్ల దాకా అంకెలు కాగితంలోకే పోయాయి. ఒక్కొక్కటి దిగేటప్పుడు ఆంజినమ్మ దాని తల నిమిరి తిమ్మన్నకు ఇచ్చింది.

మిగతాది నేనే చెప్పాలి. ఇన్ని వారాలు తెచ్చిన అంకెలు వేరే పిల్లలవని, పొడి తినని పిల్లలవని చెప్పాను. తూకానికి దిష్టి భయం సార్, అంతకు మించి అడగొద్దు అన్నాను. సారు మొహం ఎర్రబడింది. మంచం మీద కూర్చుని పాత అంకెలూ కొత్త అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. పని పోయిందనే అనుకున్నాను.

"తిమ్మన్న పిల్లలు కూడా ఇదే ఈడువా? ఇదే మేతా, పొడి ఒక్కటి తప్ప?" అన్నాడు.

అవునన్నాను.

"పొడి తిన్నవాటిని తిననివాటితో పోల్చడానికి నేను రెండు దొడ్లు పెట్టి చేద్దామనుకున్న పని ఇది, పైవాళ్లు ఒప్పుకోలేదు. మీ ఆవిడ నన్నడక్కుండానే చేసేసింది" అని నవ్వాడు. ఆంజినమ్మ నవ్వలేదు. పిల్లల దాహం చూడటానికి దొడ్డికి పోయింది.

షెడ్ల గురించి, నా పని గురించి ఈ వారమే రాస్తానన్నాడు. రాస్తాడో లేదో. పెద్దవాళ్ల మాటలు నేను చాలా విన్నాను. అయినా జీపు ఎక్కేటప్పుడు తిమ్మన్నకు కూడా ఒక పొడి సంచి దింపించాడు.

సాయంత్రం తిమ్మన్న మా ఇంట్లో అన్నం తిన్నాడు. ఆయన కంచంలో కూర ఎక్కువ పడింది, నా కంచంలో తక్కువ. చూశాను. చూసి ఊరుకున్నాను.

27 ఆగస్టు

పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు ఇంటికి వచ్చాను. వేళలు ఎప్పటిలాగే ఉన్నాయి.

వేలాడే కాటాను జోలెతో సహా సారుకు తిరిగి ఇచ్చేశాను. కొక్కెం కూడా పీకేద్దామని తిమ్మన్న దగ్గర సుత్తి తెచ్చి, స్టూలు వేసుకుని ఎక్కాను. ఆంజినమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"దాన్ని యానికి తీసేది? ఉండనీ" అంది.

ఏ మాటకైనా వెనక ఇంకో మాట వెతికే నేను, ఈ మాటకు ఎందుకని అడగలేదు. స్టూలు దిగి, సుత్తి తిమ్మన్నకు ఇచ్చేసి వచ్చాను.